మా అత్త, కంపెనీ కాయ

మా అత్త పోయింది. ఆ మాట నాకు ఉరవకొండ మార్కెట్లో తెలిసింది. టమోటా గంపలు దించి యాపారితో రేటు కాడ కొట్లాడుతాంటి. మా ఆయన ఫోన్ చేసి "నువ్వు ఇంటికి రా" అని మాత్రం అన్యాడు. ఆ గొంతు ఇన్యాక ఇంగ అడిగే పనే లేదు. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట, "అత్త అన్నం తినిందా?" అని. "తినింది. తిని గోడకు ఆనుకోని కూర్చునింది, అంతే" అన్యాడు. గంపలు ఆడనే ఇడిసిపెట్టి బస్సెక్కినా. దోవంతా ఏడుస్తానే ఉండా, ఏడుస్తానే అనుకుంటాండా, తిన్యాకే పోయింది లే, ఆకలితో పోల్యా అని. నేను ముందు పోయి ఆమె మిగిలుంటే ఆమె గూడా ముందర అదే అడిగుండేది.

మీలో ఎవురికీ ఆమె తెలీదు. బెళుగుప్ప తట్టు మా పక్క పల్లెల్లో మాత్రం "కంపెనీ పెద్దమ్మ" అంటే ముసలోళ్ళు ఇప్పుడు గూడా నవ్వుతారు. ఆ పేరు ఎట్లొచ్చిందో చెప్తా. ఆ పేరు తెచ్చిన కంపెనీ కాయలు ఇప్పుడు మా తట్టు యాడా లేవు. వాటి మాట తెలిసినోళ్ళు గూడా తక్కువైపోతాండారు. అందుకే ఇది రాస్తాండా.

మా అత్తకి భయం శానా. భయపడేకి ఏమీ దొరక్కపోతే ఆ దినం ఆమెకి ఇంగా భయం. బోరు మోటరు ఏస్తే పైపుకి చెవి ఆనించి ఇనేది, నీళ్ళు దగ్గుతాండాయా అని. మోడం పడితే వాన రాదేమోనని, వాన వస్తే శెనక్కాయ పూతకి ఎక్కువైపోతాదేమోనని. "నీళ్ళు పడిందాకా నమ్మద్దు, పడినాక అసలే నమ్మద్దు" అనేది. పెండ్లయి వచ్చిన కొత్తలో నాకు ఆమెని చూస్తే నవ్వొచ్చేది. రెండు కరువులు చూసినాక నేను గూడా పైపుకి చెవి పెట్టడం నేర్చుకుంటి.

అన్నిటికన్నా ఆమెకి పిందెలంటే భయం. ఇంటెనకల సొరపాదుకు పిందె పడిందంటే, దాని తట్టు ఎవురూ వేలు చూపియ్యగూడదు. చూపిస్తే రాలిపోతాదంట. మరిచిపోయి చూపించినామా, ఆ వేలు మడిపించి కొరుక్కోమనేది. పిందెని కొయ్యడమైతే మాటే లేదు. "ఈ కరువు సీమలో ఒగ పిందె నిలబడిందంటే అది ఎంత కష్టపడి నిలబడిందో నీకేం తెలుసు? దాన్ని తెంపేకి చెయ్యెట్ల వస్తాది?" అనేది. ఇంట్లో కడుపుతో ఉండే మనిషి ఉంటే ఇంగా పాపం. ఆ ఇంటి పిందె గూడా నిలబడదని వాళ్ళ పెద్దోళ్ళు చెప్పినారంట. మా పల్లెలో ఇది ఆమె ఒక్కదాని నమ్మకం గాదు. కాకపోతే మిగతావాళ్ళకి నమ్మకం, ఆమెకి ప్రాణం.

అట్లాంటి మనిషి కాడికి వచ్చినాడు కంపెనీ సారు.

తొంభైలు అయిపోతాండే రోజులవి. శెనక్కాయ ఏసిందల్లా ఎండిపోతాంది. బోర్లో రెండించుల నీళ్ళు ఉండేవాళ్ళే ఊర్లో మారాజులు. బెంగుళూరు తట్టు నుంచి ఒగ చిన్న వయసు సారు బైకు మింద వచ్చి, బడి పంచలో అందర్నీ కూర్చోబెట్టి గుప్పెడు కాయలు చూపించినాడు. దోసకాయ మాదిరే ఉంటాయి, గాని చిటికెనేలంత. మింద సన్న ముండ్లు. మా వాళ్ళు వాటికి కంపెనీ కాయలని పేరు పెట్టినారు. విత్తనం మేమిస్తాము, మందు మేమిస్తాము, ముప్పై ఐదు నలభై దినాలకి కాపు కొస్తాది, దినామూ సాయంత్రం లారీ పంపించి మేమే కొంటాము, ఆ కాయలు ఫ్రాన్స్ దేశం పోతాయి అన్యాడు.

మగోళ్ళు నవ్వినారు. "ఏమప్పా, మనం తినం, మన ఎనుము తినదు, ఇది రేపు నువ్వు కొనకపోతే యాడ పారబొయ్యల్ల?" అని ఒగాయన అడిగినాడు. ఆ మాట నిజమే. ఈ కాయని కొనేకి దేశంలో ఇంగెవురూ లేరు. కంపెనీ ఉంటే దుడ్లు, లేకుంటే దిబ్బ.

మా అత్త ఎనక నిలబడుకోని ఇంటాంది. ఆమె అడిగిందల్లా ఒగటే, "నీళ్ళు ఎంత తాగుతాది?" అని. బోర్లో ఉండే రెండించులే చాలన్యాడు సారు. మరుసటి దినం పొద్దున్నే ఇంటింటికీ తిరిగింది. ఒగ తోట కోసరం లారీ రాదు, పదిండ్లోళ్ళన్నా ఎయ్యల్ల అని సారు ముందే చెప్పినాడు. "నన్ను చూసి ఎయ్యండి. చెడితే నన్నే అడగండి" అని చెప్పుకుంటా పోయింది. దినామూ భయపడే మనిషి ఆ మాట అనిందంటే జనానికి ధైర్యమొచ్చింది. ఈమే ఏస్తాందంటే ఇంగ మనకేమిలే అనుకున్యారు. మా పక్క చేను మస్తానన్న గూడా ఏసినాడు. ఆయప్ప ఉరవకొండలో మోటర్లకి వైండింగు కట్టే పనికి పోతాడు, చేను చూసేది ఆయన భార్య.

అప్పుడు నాకు ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు నాకు నిలబడల్యా. ఒగటి మూడో నెలలో, ఒగటి ఐదో నెలలోనే. అందుకే ఆ నెల దాటిందాకా ఇంట్లో ఎవురూ గట్టిగా మాట్లాడేవాళ్ళు గాదు. నేను మెట్టు దిగితే మా అత్త కండ్లు మెట్టు మింద ఉండేవి.

తీగలు పాకినాయి, పూత వచ్చింది, కాపు మొదలైంది. నాకు ఏడో నెల పడింది. మొదటి నాలుగు దినాలు లారీ వచ్చింది, పోయింది, జనం సంబరపడినారు. ఆ మరుసటి దినం లారీ ముందరి దినం సంచులతోనే ఎనక్కి వచ్చింది.

బడి ముందర బండల మింద సారు సంచులు గుమ్మరించినాడు. అందరి కాయలూ ఒగ కాడ కలిపి పంపించేది గాబట్టి ఎవురివి ఏవో తెలీదు. సన్న కాయల మధ్యలో గెనుసుగడ్డలంత కాయలు పడి ఉండాయి, పొట్టలు ఏసుకోని. "మేము చిటికెనేలంత అన్నాం. ఇవి యాడియి? అన్నీ ఒగ తీరుగా ఉండాయి, ఇవి ఒగ తోటవే" అన్యాడు సారు.

అందరూ మస్తానన్న తట్టు చూసినారు. ఎందుకంటే మిగతావాళ్ళు పొద్దున సాయంత్రం రెండు పూటలా కోస్తాండ్రి, వాళ్ళింట్లో ఒగ పూటే. "మీకు చేతగాకపోతే ఎందుకు ఎయ్యల్లప్పా, ఊరి నోట్లో మన్ను కొట్టేకా?" అన్యాడు ఒగాయన. మస్తానన్న "నా బిడ్డల మింద ఒట్టు, మావి గావు" అన్యాడు. ఒట్లు ఎవురు నమ్ముతారు? ఇంగో ఇద్దరు లేచినారు ఆయన మిందికి.

"ఆయప్పని ఇడిసిపెట్టండి. అవి నా కాయలు" అనింది మా అత్త.

ఎవురికీ అర్థం కాల్యా. ఆమే మళ్ళీ చెప్పింది. "కోడలు కడుపుతో ఉండాది. దినామూ పోతా, పిందె ముందర కూర్చుంటా, తెంపేకి చెయ్యి రాదు. రెండు దినాలు ఓర్చుకుంటే కాయన్నా అవుతాది, అప్పుడు తెంపినా పాపం లేదనుకుంటి. పెద్దయితే బరువు గూడా తూగుతాది, వాళ్ళకీ మేలే గదా అనుకుంటి."

మమ్మల్ని తిట్టుంటే బాగుండు. ఎవురూ తిట్టల్యా. ఒగ ముసలాయన మాత్రం నిదానంగా అన్యాడు, "మమ్మల్ని కొయ్యమని చెప్పినావే వదినా. మా ఇండ్లల్లో బిడ్డలు లేరనుకున్యావా?"

మా ఆయన తల ఒంచుకోని చేని తట్టు ఎల్లిపోయినాడు. నాకు కోపమొచ్చింది, ఉండేది చెప్తాండా. నా కడుపుని తీసుకొచ్చి ఆ బండల మింద అందరి ముందర గుమ్మరించినట్టయింది. సారు సంచులు మడుచుకుంటా, "పెద్దమ్మా, ఇంగో లోడు ఇట్లొచ్చిందంటే లారీ ఈ ఊరికి రాదు. నా చేతుల్లో లేదు. మూడు దినాలు ఎవురూ లోడు పంపద్దండి. ఆ దేశం నుంచి కాయలు కొనే ఆమే తోటలు చూసేకి వస్తాంది. ఆమె ముందర ఈ పిందె మాటలు మాట్లాడద్దు" అని చెప్పి పోయినాడు.

ఇంటికొచ్చినాక అడిగినా. "నాకు ఒగ మాట ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే నువ్వు భయపడతావని."

"ఇప్పుడు భయపడకుండా ఉండానా?"

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టి, తట్టలో రాగిసంగటి పెట్టి, నేను తినిందాకా వాకిట్లోకి చూస్తా కూర్చునింది. ఆమె మాత్రం ఆ పూట తినల్యా. పదిండ్లోళ్ళ బోరు నీళ్ళు ఆమె మాట మింద పారినాయి. పిందెలు కోస్తే నాకు ఏమైతాదో, కొయ్యకపోతే ఊరికి ఏమైతాదో. ఆమె ఎటు తిరిగినా భయమే. నేను మాత్రం తక్కువా? పగలు ఆమె పిచ్చి అని తిట్టుకుంటి, పండుకున్యాక పొట్ట మింద చెయ్యేసుకోని ఆమె చెప్పిందే నిజమైతే అనుకుంటి.

మూడో దినం ఆ దేశం ఆమె వచ్చింది. జనం దొరసాని అన్యారు గాని, దొరసాని మాదిరి ఏమీ లేదు. యాభై దాటిన మనిషి, బక్కగా, నెత్తిన గుడ్డ టోపీ, ఎండకి మొగం కందిపోయి. సారు ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతా ఎనకెనకే నడుస్తాండాడు. మా తోటలోకి వచ్చి, తీగ ఎత్తి చూసి, కొసన ఒగ పిందెని వేలు పెట్టి చూపించి సారుకి ఏదో చెప్పబోయింది.

మా అత్త రెండంగల్లో పోయి ఆ వేలు పట్టుకోని మడిచేసింది.

సారు మొగం తెల్లబోయింది. "పెద్దమ్మా, ఏం చేస్తాండావ్, ఇడువు" అన్యాడు. మా అత్త ఇడువల్యా. "పిందెకి వేలు చూపియ్యగూడదని చెప్పు సారూ. మేము అట్ల చెయ్యం. ఆయమ్మకి తెలీదు గదా" అనింది. సారుకి ఇంగ దారి లేదు, చెప్పినాడు. ఆయమ్మ తన మడిచిన వేలు తట్టు చూసుకునింది, మా అత్త తట్టు చూసింది. నవ్వల్యా, కోప్పడల్యా. ఆ తర్వాత ఆ దినమంతా ఏది చూపించాలన్నా పిడికిలి కట్టి చూపించింది. ఆ పిడికిలి చూసి మా అత్త నాతో మెల్లగా అనింది, "మంచి మనిషే, మే."

మధ్యాన్నం మా ఇంట్లోనే అన్నం. సారు హోటల్లో తినిపిస్తానంటే మా అత్త ఒప్పుకోల్యా. "ఇంటికొచ్చినోళ్ళ కడుపు ముందర చూడల్ల, మాట తర్వాత చూడొచ్చు" అనేది ఆమె. జొన్నరొట్టె, వంకాయ కూర, శెనక్కాయ ఊరిబిండి పెట్టినాము. ఆయమ్మ చాప మింద కాళ్ళు ఎట్ల మడుచుకోవల్లో తెలీక అవస్థ పడి, కడాకి పక్కకి చాపుకోని కూర్చునింది. సంచిలోంచి ఒగ సీసా తీసింది. అందులో మా కాయలు, పుల్లటి నీళ్ళల్లో.

మా అత్త వడ్డించడం నిలిపేసి చూస్తా ఉండిపోయింది. ఆయమ్మ రొట్టె తుంచింది, ఊరిబిండి అద్దుకునింది, నోట్లో పెట్టుకునింది. తర్వాత రెండు వేళ్ళతో సీసాలోంచి ఒగ కాయ తీసి, కరుక్కున ఒగటే కొరుకు. మళ్ళీ రొట్టె, మళ్ళీ కాయ. మనం పప్పన్నంలో ఊరమిరపకాయ కొరుక్కున్యట్టు.

"సారూ, వీళ్ళు దీన్ని కూర వండరా?" అని అడిగింది మా అత్త.

"వండరు పెద్దమ్మా. చెప్పినా గదా, ఊరేసి తింటారని."

"ఊరేసి తింటారని చెప్పినావు. నంజుకుంటారని చెప్పల్యా నువ్వు."

సారు బిత్తరపోయినాడు. ఆయప్పకి సైజు తెలుసు, రేటు తెలుసు. తినేటోళ్ళు కూర్చోని ఎట్ల తింటారో ఆయప్పకి గూడా అప్పుడే తెలిసింది. మా అత్త చేతిలో ఒగ కాయ పెట్టింది ఆయమ్మ. మా అత్త కొరికి, పులుపుకి కండ్లు మూసుకోని, నమిలి మింగింది. ఇంగ ప్రశ్నలే ప్రశ్నలు. పెద్దకాయ అయితే ఏమైతాది? లోపల ఇత్తనం కట్టి, పులుపులో మెత్తబడిపోతాది, ఎవురూ తినరు. ఇంట్లో ఎవురేస్తారు ఊరగాయ? మా అవ్వ ఏసేది అని చెప్పింది ఆయమ్మ. ఎండాకాలం పొద్దున్నే చిటికెనేలంతవి కోసి, పాత గుడ్డలో రాళ్ళుప్పుతో ఏసి, రెండు కొసలూ పట్టుకోని ఊపి ఊపి రుద్దితే ముండ్లు పోతాయంట. చెప్తానే మా ఇంట్లో గుడ్డ అడిగింది. మా అత్త తన పాత చీర పేలిక తెచ్చి ఇచ్చింది, గుప్పెడు ఉప్పు తెచ్చింది. ఒగ కొస ఆయమ్మ, ఒగ కొస మా అత్త పట్టుకోని ఊపుతాంటే, నేను నవ్వల్నో ఏడవల్నో తెలీక చూస్తాండా.

ఆయమ్మ ఇంగో మాట చెప్పింది. వాళ్ళ పల్లెలో తీగ మింద పెద్దకాయ కనపడితే పక్కింటోళ్ళు నవ్వుతారంట, ఈ ఇంట్లో ఆడది పొద్దెక్కినా నిద్ర లెయ్యదు అని. సారు అది తెలుగులో చెప్పేసరికి మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. ఆ నాలుగు దినాల్లో ఆమె నవ్వడం అదే. "అయితే నేను ఆ ఊరికి పోతే సోమరిదాన్నేనా?" అనింది.

ఆయమ్మ పోయినాక మా అత్త శానాసేపు ఆ పేలిక దులుపుతా ఉండిపోయింది. తర్వాత అనింది, "మ్మే, మా పుట్టిల్లు రాయదుర్గం తట్టు గదా. ఆడ కన్నడమోళ్ళిండ్లల్లో మిడి మామిడి ఊరగాయ పెడతారు. టెంక గూడా కట్టని కాయలు. నేను అది తిని పెరిగినదాన్ని. ఆ పొద్దు ఎవురూ దాన్ని పిందె అనలా, పాపమనలా. అది ఆ తిండికి ఈడొచ్చిన కాయ. ఈ కాయకీ వాళ్ళ ఇండ్లల్లో ఇదే ఈడేమో. కొనేవాళ్ళ నోరు తెలీకుండా అమ్మేవాళ్ళ చెయ్యి ఎట్ల ఆడతాది?"

ఈ మాట ఇని ఆమె భయం పోయిందనుకుంటారేమో. యాడ పోతాది? తెలుసుకునేది ఒగటి, చెయ్యి ముందరికి పోయేది ఒగటి. ఆ సాయంత్రమే చెప్పింది, "నువ్వు తోట తట్టు రావద్దు. ఆ కాయలు ముట్టద్దు, సంచి గూడా ముట్టద్దు. నేను కోస్తా. పాపముంటే నాకు, లేకుంటే మనకి."

మరుసటి దినం ముందర మస్తానన్న ఇంటికి పోయింది. నేనూ ఎనకాలే పోయినా. "నిన్ను అందరూ అనేదాకా నేను నోరు మూసుకోని ఉంటి నాయనా. అది మనసులో పెట్టుకోవద్దు" అనింది. ఆయప్ప, "నువ్వు చెప్పినావు గదా పెద్దమ్మా. ఇంగొకరైతే ఆ మాత్రం గూడా చెప్పరు" అన్యాడు. ఆయన భార్య గంప ఎత్తుకోని మా అత్త ఎంబడి బయల్దేరింది. రెండు తోటలూ ఇద్దరూ కలిసి కోసేది అని వాళ్ళ అరుగు మిందనే మాట్లాడుకున్యారు.

ఆడనుంచి ఇంటింటికీ. మస్తానన్న మింద కోప్పడినాయన ఇంటికి గూడా. ఆమె సైజు మాటే ఎత్తల్యా. ప్రతి ఇంట్లోనూ కూర్చోని, రొట్టె ఎట్ల తుంచుతారు, కాయ ఎట్ల కొరుకుతారు అని చేసి చూపించింది. "వాళ్ళు నంజుకుంటారప్పా. ఒగ కొరుకులో అయిపోవల్ల. రెండో కొరుకు మిగిలిందంటే ఆ కాయ మనది, వాళ్ళది గాదు. ఎనుముకి ఏసుకుందాము" అనింది. చిటికెనేలు అంటే ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. మా ఊర్లో కొందరి చిటికెనేళ్ళు అరటికాయలు. ఒగ కొరుకు మాత్రం అందరి నోటికీ తెలుస్తాది. బిడ్డలు గూడా కోసిన కాయని నోటి కాడ పెట్టుకోని చూసి గంపలో ఏస్తాండ్రి. ఆ ముసలాయన గూడా తన పళ్ళు లేని నోటితో కొరికినట్టు చేసి, "ఇంతేనా వదినా?" అని అడిగినాడు. "ఇంతే మరిదీ" అనింది మా అత్త.

ఆ సాయంత్రం లోడు పోయింది. లారీ దుమ్ము అణిగిందాకా జనం బడి కాడనే నిలబడినారు. రేపు సంచులతో వస్తాదా, ఖాళీగా వస్తాదా.

తెల్లారి పొద్దున్నుంచి నా కడుపులో కదలిక లేదు. మొదట్లో నేను గమనించల్యా. అన్నం పొద్దుకి గుర్తొచ్చింది, ఈ పొద్దు ఒగసారి గూడా తన్నలేదే అని. పొట్ట తట్టి చూసుకుంటి. ఎడం పక్కకి తిరిగి పండుకుంటి. బెల్లం నీళ్ళు తాగినా. ఏమీ లేదు. సాయంత్రమైంది. పిలిచేకి ఇంట్లో ఎవురూ లేరు, లారీ కోసరం అందరూ బడి కాడ ఉండారు.

మా అత్త తోటలోంచి అప్పుడే వచ్చింది. గడపలోనే నా మొగం చూసి గంప కింద పెట్టింది. "ఏమ్మే?"

"పొద్దున్నుంచి కదల్లేదత్తా."

ఆమె మొగంలో రక్తం లేదు. నేను అంతదాకా ఆమె భయపడడం దినామూ చూసినా, ఇది మాత్రం చూడల్యా. చేతులు కడుక్కోని వచ్చి, నా పక్కన నేల మింద కూర్చోని, నా పొట్ట మింద చెయ్యి పెట్టింది. ఆ ముండ్లు గీసుకోని అరచెయ్యంతా ఎర్రగా పొక్కిపోయి ఉన్నింది. వేడిగా ఉన్నింది ఆ చెయ్యి.

బడి తట్టు నుంచి లారీ హారన్ ఇనపడింది. జనం అరుపులు, పరుగులు. అవి సంబరం అరుపులో, తిట్లో తెలీదు. ఆమె తల తిప్పల్యా.

"అలిగినావా?" అనింది, నాతో గాదు. "కోసింది నేను నాయనా. మీ అమ్మ ముట్టను గూడా ముట్టల్యా. కోపముంటే నా మింద చూపించు."

వాకిట్లో మస్తానన్న గొంతు. "పెద్దమ్మా, ఖాళీగా వచ్చింది లారీ. ఒగ సంచి గూడా ఎనక్కి రాల్యా. సారు నిన్నే పిలుస్తాండాడు, రా."

"ఉండప్పా" అనింది ఆమె. చెయ్యి తియ్యల్యా. బయట లారీ ఇంజను ఆడతానే ఉండాది, ఎవురో ఈల ఏస్తాండారు, ఇంట్లో మేమిద్దరం ఊపిరి గూడా బిగబట్టుకోని ఉండాము. ఎంతసేపు అట్ల ఉంటిమో నాకు తెలీదు.

అప్పుడు, సరిగ్గా ఆమె అరచేతి కింద, లోపల్నుంచి ఒగ మడమ తన్నింది. నేను ఏడ్చేసినా. మస్తానన్న వాకిట్లోంచి మళ్ళీ పిలిచినాడు. మా అత్త లెయ్యల్యా. చెయ్యి అట్లనే పెట్టుకోని, కండ్లు మూసుకోని, ఇంగా ముందరికి ఒంగి, "ఇంగోసారి" అనింది.